అక్కకు కిటికీలు, నాకు కళ్లం

ఆ రోజుల్లో మా పేటలో (జగ్గయ్యపేటను మేం అంతకంటే పొడుగ్గా ఎప్పుడూ పిలవలేదు) ఇంట్లో కంప్యూటరంటే కొత్త అల్లుడే. లేసు గుడ్డ కప్పేవాళ్లం, దుమ్ము పడనిచ్చేవాళ్లం కాదు, ఏం పని చేస్తాడని మాత్రం అడిగేవాళ్లం కాదు. అది అక్కదీ నాదీ అన్నారు గానీ, నిజానికి అక్కదే. అందులో సగమైనా నాదనిపించుకోవాలని నా కోరిక. నందిగామ కాలేజీలో చదివే స్నేహితుడు విండోస్‌కు బదులు వాడుకునే లైనక్స్ సీడీ ఇచ్చిన రోజు, బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పత్తిచేల మీది సాయంత్రపు ఎండ ఆ సీడీ మీద రంగులై తిరుగుతుంటే, నా సగం కంప్యూటర్ నాకు అప్పుడే కనిపించింది.

ఒకే డిస్కును వాటాలు వేసి, విండోస్ అక్కకు, లైనక్స్ నాకు. పంపకం అనేసరికి అక్క ఊరుకుంటుందా, వీరులపాడు నుంచి వచ్చి ఉన్న పెదనాన్నను పిలిచింది. అన్నదమ్ములు పొలాలు పంచుకోవాలంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయనే పెద్దమనిషి. కండువా సర్దుకుని స్క్రీను ముందు కూర్చున్నారు.

"ఇదేందిరా, మధ్యలో ఈ చిన్న చెక్క ఎవరికి?"

"దాన్ని స్వాప్ అంటారు పెదనాన్నా. మెమరీ నిండిపోతే సరుకు కాసేపు అక్కడ దింపుకుంటుంది. మెమరీకి రెట్టింపు ఉంటే చాలంట."

"అంటే కళ్లమేగా!" ఆయన మొహం వెలిగింది. "పొలం పంచుకున్నా కళ్లం ఉమ్మడిగానే ఉంచాలిరా. కుప్ప వెయ్యాలి, మిరపకాయలు ఆరబొయ్యాలి, బండి తిప్పుకోవాలి. ఇంత ఇరుకైతే ఎట్టా? పెంచు."

పెంచాను. "ఇంకా," అన్నారు.

"నా వాటాలోంచి సెంటు కూడా ఇవ్వను," అంది అక్క.

"ఆడపిల్ల వాటా ముట్టుకోకూడదు. నీ దాంట్లోంచే తియ్యి."

(విండోస్ తన కళ్లం తన వాటాలోనే పెట్టుకుంటుందనీ, ఈ ఉమ్మడి కళ్లంలో ఎన్నడూ అడుగు పెట్టదనీ నాకు తెలుసు. కానీ పెదనాన్న హద్దు వేశాక నోరెత్తినవాళ్లు మా ఇంట్లో లేరు. మొదటివాణ్ణి అయ్యే ధైర్యం నాకూ లేదు.)

తీరా లైనక్స్ ఎక్కిస్తుంటే, చోటు చాలదంది. రంగుల డెస్క్‌టాప్ మీద ఆశ వదులుకుని, నల్లటి తెర మీద అక్షరాలు మాత్రం కనిపించే రకాన్ని ఎలాగో ఇరికించాను. అక్క తొంగి చూసి, "ఏరా, కరెంటు పోయిందా?" అంది.

పోతే పోయింది. ఆ చీకట్లో మినుకుమంటున్న చిన్న గీత నాదే. దాని వెనక ఎక్కడో, గింజ పడని నా పెద్ద కళ్లం వెన్నెట్లో పడుకుని ఉన్నట్టు ఊహించుకుంటూ, ఏమీ టైపు చెయ్యకుండా చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో మెమరీకి కొదవ లేదు, దాని మొత్తానికీ నేనొక్కణ్ణే వారసుణ్ణి. అయినా కొత్తగా లైనక్స్ ఎక్కించేటప్పుడు, స్వాప్ ఎంత అని అడిగే చోట నా చెయ్యి కాస్త ధారాళంగానే పోతుంది. వృథా కదా అంటారు మా ఆఫీసు కుర్రాళ్లు. ఎవరైనా బండి తిప్పుకోవాల్సి వస్తుందేమో, ఎవరికి తెలుసు!