బొగ్గుల్లేని గుంత

1936 ఎండాకాలంలో నన్ను సర్వేయరుగా ఎల్లారెడ్డి తాలూకాలో వేశారు. భూములు కొలిచి, హద్దురాళ్లు నాటించి, కొలతల పుస్తకాన్ని కామారెడ్డి కచేరీలో అప్పజెప్పడం నా పని. రాయి నాటే ముందు గుంత అడుగున నాలుగు దోసిళ్ల బొగ్గులు పోయించాలి. రాయిని దొంగతనంగా జరిపేవాడికి అడుగున బొగ్గులుంటాయని తోచదు; బొగ్గు చీకిపోదు కాబట్టి రాయి జరిగినా అసలు చోటు పట్టిస్తుంది. ప్రతి రాయికి ఎదురుగా ‘బొగ్గులు పోయించాను’ అని రాసి సంతకం పెట్టాలి.

మూడేళ్ల తరువాత లింగంపేట దగ్గర ఒక ఊళ్లో తగాదా వచ్చింది. రాజవ్వ అనే ఆమె తన చేనులోకి మరిది సాయన్న హద్దురాయిని రెండు జానలు జరిపాడని దరఖాస్తు పెట్టింది. రాళ్లతో నిండిన వాలు అది. అక్కడ గొలుసు పట్టి కొలిస్తే ఆ మాత్రం తేడా కొలతలోనే వస్తుంది. అందుకని మా ఇన్‌స్పెక్టరు గారు రాయి పెరికించారు. గుంతలో ఎర్రమన్ను తప్ప ఏమీ లేదు. రెండు జానల అవతల తవ్వినా దొరకలేదు. పుస్తకంలో పోయించినట్టే ఉంది కాబట్టి, సాయన్న బొగ్గులు కూడా ఏరి పారేశాడని ఊరంతా తేల్చేసింది.

ఆ రాయి నాటించింది నేనే. ఆ రోజు బొగ్గుల గంప అయిపోతే మళ్లీ తెప్పించే ఓపిక లేక, పోయించినట్టు రాసి చేతులు దులుపుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం ఊడుతుందన్న భయంతో నోరు మెదపలేదు. సిగ్గులేని పని.

“నేను జరపలే. మన్ను మోస్త” అన్నాడు సాయన్న. అది అక్కడి ఆచారం. తడిబట్టలతో, నెత్తిన పొలం మట్టి పెట్టుకుని హద్దు వెంబడి నడవాలి. తొమ్మిది రోజుల్లో ఇంట్లో కీడు జరిగితే ప్రమాణం అబద్ధమన్నట్టు. ఎర్రటి బురద ముఖం మీదికి కారుతుంటే అతను నడిచాడు. ఆ రాయి దగ్గర ఆగి నావైపు చూశాడు. అతనికి ఏమీ తెలియదు. అయినా చూశాడు.

ఆరో రోజున అతని ఎద్దు కొట్టంలో కట్టేసినచోటే కూలి చచ్చింది. ఊళ్లో అతనికి నిప్పూ నీళ్లూ ఇవ్వడం మానేశారని కామారెడ్డిలో విన్నాను. అప్పటినుంచి నా చేతులకు బొగ్గు వాసన. ఎంత రుద్ది కడిగినా పోదు. అన్నం కలిపితే ముద్ద నల్లగా కనిపించేది. తెల్లగానే ఉంది కదా అని మా ఇంటావిడ ఆశ్చర్యపోయేది.

ఒక మధ్యాహ్నం సాయన్న కచేరీకి నడిచి వచ్చాడు. మనిషి సగమయ్యాడు గానీ ముఖం నెమ్మదిగా ఉంది.

“తప్పు నాదే సారూ. రాయి నేనే జరిపిన. ఎప్పుడో యాదికొస్తలేదు. నిద్రల లేసి పోయిన్నేమో. బొగ్గులు గూడ ఏరిన. చేతులు సూడుండ్రి, ఎంత కడిగినా బొగ్గు వాసనే. ఒప్పుకున్నంక పానం తేలికైంది. రాసుకోండ్రి, వేలిముద్ర ఏస్త.”

ఆ వేలిముద్ర పడితే నా రాత శాశ్వతంగా నిజమైపోతుంది. అతను బతికినన్నాళ్లూ దొంగే. కలం కింద పెట్టాను.

“సాయన్నా, ఆ గుంతల బొగ్గులు పోయించనే లేదు. నేనే అబద్ధం రాసిన.”

అతను అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“మరి ఎద్దెందుకు సచ్చింది సారూ?”

తెల్లకాగితం ముందుకు లాక్కున్నాను.

ఆ రోజే ఇన్‌స్పెక్టరు గారికి నా తప్పు రాసిచ్చాను. మర్నాడు ఊళ్లో పదిమంది ముందూ చెప్పాను. రాజవ్వ ఇంట్లోకి పోయి, పొయ్యిలోని బొగ్గులు చాటలో తెచ్చి, “ఈపారి నేనే పోస్త” అంది. రాయి ఉన్నచోటే మళ్లీ నాటాం. తరువాత నన్ను ఒక మెట్టు దించారు. అయినా రాయి నాటిన ఆ పూట కడుపునిండా తిన్నాను. అన్నం తెల్లగా ఉంది. ఎంత హాయిగా అనిపించిందో.

సాయన్న మాత్రం చేతులు వాసన చూసుకునే అలవాటు చివరిదాకా మానలేదట. కొలతల పుస్తకంలో అబద్ధం రాస్తే హద్దు ఒక్కటే తప్పుతుందని అంతవరకూ అనుకునేవాణ్ని. సర్కారు కాగితాన్ని నమ్మే మనిషికి తన జ్ఞాపకం మీదే నమ్మకం పోతుందని ఆ ఊళ్లో తెలిసింది. ఆ తరువాత కంటితో చూడనిది ఏదీ రాయలేదు.