దారం కట్టిన మామిడిపళ్ళు

పెద్దమ్మ పోయిందని వాళ్ళ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసి చెప్పింది. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. ఆ ఊళ్ళో సిగ్నల్ అందదు. కాఫీ తోటలు దాటి పైనున్న బండ ఎక్కి మాట్లాడాలి. గాలి హోరులో ఆ అమ్మాయి మాటలు సగం వినబడలేదు. వినబడ్డ సగం చాలింది.

ఆవిణ్ణి మీలో చాలామంది చూసే ఉంటారు. కొన్నేళ్ళ కిందట ఒక ఛానెల్లో అడవి పోటీ ఒకటి వచ్చింది. పట్నం నుంచి వచ్చిన ఎనిమిది మంది, మనుషులెవరూ అడుగుపెట్టని అడవిలో ఏ ఆసరా లేకుండా బతకాలి. ఒక భాగంలో పొగమంచులోంచి ఒక ముసలావిడ నడిచొస్తుంది. చెట్టున పండిన మామిడిపండు కోసి, ముందు తాను కొరికి, ఆకలితో ఉన్నవాళ్ళ చేతిలో పెడుతుంది. ఆ ముసలావిడే పెద్దమ్మ. మీరు చూసినదాంట్లో ఏది నిజమో ఆవిడ ఉండగానే సరిగా చెప్పవలసింది. కొంత చెప్పాను, అందులో ఒకటి తప్పు చెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. పేపర్లో విలేకరిగా చేరి పాడేరు వచ్చిన కొత్తల్లో, మన్యం జ్వరాల మీద రాయడానికి అరకు పైనున్న ఊళ్ళు తిరిగాను. మూడో ఊళ్ళో నాకే జ్వరం వచ్చింది. జీపు రెండు రోజుల దాకా రాదన్నారు. ఒకావిడ తన వసారాలో మంచం వేసి పడుకోబెట్టింది. ఆ రెండు రోజులూ నాకు సరిగా గుర్తు లేవు. కళ్ళు తెరిచినప్పుడల్లా గుమ్మం నిండా మంచు, ఆ మంచులో ఎర్రటి చుక్క ఒకటి కనిపించేవి. అది ఆవిడ కాల్చే చుట్ట అనుకునేవాణ్ణి. ఆవిడది అడ్డపొగ అనీ, నిప్పు నోటి లోపలే ఉంటుంది కాబట్టి బయటికి కనబడదనీ తరవాత తెలిసింది. మరి నేను చూసిన ఆ ఎర్ర చుక్క ఏమిటో ఇప్పటికీ తెలీదు.

ఊరంతా పెద్దమ్మ అని పిలిచేవారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఆ తరవాత ఎన్నేళ్ళో ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆ వసారాలోనే దిగేవాణ్ణి. కళ్ళజోడుకి ఒకవైపు కాడ విరిగితే పురికొస కట్టుకుంది, ఎప్పుడూ మార్పించలేదు. అడ్డాకుల విస్తళ్ళు కుడుతూ నా వార్తలు నాచేతనే చదివించుకునేది. చివరిదాకా విని ఏదో ఒకటి అడిగేది.

“ఆ రోజు వాన పడ్డాది గదా బావు. అది రాయనేదేటి?”

వానకీ ఈ వార్తకీ సంబంధం లేదు పెద్దమ్మా అంటే, “నీకు నేదు. తడిసినోడికి ఉంది,” అని సూది మళ్ళీ ఆకులో గుచ్చేది. ఆ మాటకి అప్పట్లో నవ్వాను. ఈ మధ్య వార్త రాసిన ప్రతిసారీ ఆ రోజు వాన పడిందో లేదో ఒకసారి చూసుకుంటున్నాను.

ఇక షూటింగు సంగతి. మనుషులు అడుగుపెట్టని అడవి అని మీకు చూపించింది పెద్దమ్మ మరిది కాఫీ తోట. తారు రోడ్డుకి కూతవేటు దూరం. సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియం తీగలు కనబడకుండా మొదళ్ళకి నాచు రంగు గుడ్డలు చుట్టారు. పోటీకి వచ్చినవాళ్ళు పగలు ఆకుల పాకలో ఉండేవారు, పొద్దువాలాక టూరిస్టు కాటేజీలకి వెళ్ళిపోయేవారు. ఎవరైనా పోటీలోంచి తప్పుకుంటే మిగతావాళ్ళు ఏడవాలి. ఆ ఏడుపు కూడా వెలుతురు సరిపోక రెండోసారి తీసేవారు. ఆ కొండల్లో మంచు రోజూ తెల్లవారుతూనే దానంతటదే దిగుతుంది. కానీ షూటింగు మొదలయ్యేది పదకొండుకి. అందుకని పొగ యంత్రం తెప్పించారు.

నేను వెళ్ళింది మధ్యాహ్నం. ఫాల్గుణ మాసం. గట్టు దిగుతుంటే తెల్లటి పొగలో ఒక మామిడిచెట్టు, దాని నిండా పండిన పళ్ళు. ఆ ఎత్తున ఆ రోజులకి చెట్లు పిందె మీద ఉంటాయి. ఆ సంగతి తెలిసీ నేను ఒక నిమిషం అలాగే నిలబడిపోయాను. చుట్టూ చప్పుడు లేదు. పళ్ళు పసుప్పచ్చగా, మంచులో వేలాడుతూ, మనం నిద్రలో వెళ్ళే ఊళ్ళల్లో ఉండే చెట్టులా ఉంది. గాలి వచ్చింది. పళ్ళన్నీ ఒకేసారి గిర్రున తిరిగాయి. తొడిమకి వేలాడే పండు అలా తిరగదు. దగ్గరికెళ్ళి చూస్తే ప్రతిదానికీ నల్ల దారం కట్టి ఉంది. మైదానం మార్కెట్ నుంచి బుట్టల్లో తెచ్చారు.

చెట్టు వెనక ప్లాస్టిక్ కుర్చీలో పెద్దమ్మ కూర్చుని ఉంది. కళ్ళజోడు తీయించేశారు, జాకెట్టు తీయించి చీర పాతకాలం ముడి వేయించారు, సెల్‌ఫోన్ ఒకతను దాచిపెట్టాడు. చుట్ట మాత్రం ఒద్దన్నారట. పొగ తాగితే తెర కింద హెచ్చరిక వేయాలి కాబట్టి. అక్కడ ఆవిడ రోజూ నిజంగా చేసే పని అదొక్కటే, దాన్నే ఒద్దన్నారు.

ఆవిడకి కోపమేమీ లేదు, సరదాగానే ఉంది. టార్చిలైటు ఎప్పుడూ చూడనట్టు బెదరమన్నారట. రెండుసార్లు బెదిరినా వాళ్ళకి నచ్చలేదట.

“మూడోసారి నిజంగానే బెదిరినాను బావు. లైటు సూసి కాదు, ఆ డైరెక్టరు మొగం సూసి.”

ఆ కుర్చీ పక్కనే నేల మీద పోటీ అమ్మాయి ఒకర్తి కూర్చుని ఉడికించిన చిలగడదుంప తింటోంది. తొక్కతోనే తినేస్తోంది. పెద్దమ్మ ఒడిలోంచి ఇంకొకటి తీసి తొక్క ఒలిచి ఇచ్చింది. ఆ పిల్ల లేచి వెళ్ళాక నాతో, మిగతావాళ్ళు పొద్దున్నే బిరియానీ తిని వచ్చారనీ, ఈ గుంటకి మాత్రం ఏడుపు బాగా రావాలని నిన్నటి నుంచి ఏమీ పెట్టలేదనీ చెప్పింది. ఆకలిగా ఉన్న మనిషికి ఒక ముసలావిడ తిండి పెట్టడం అక్కడ నిజంగా జరిగింది. కెమెరా అటు తిరగలేదు.

పండు కోసే సీను మర్నాడన్నారు. నాకు బస్సు టైమైంది, వచ్చేశాను.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. ఆ కొండల్లో మామిడి కాసినా ఊరి దేవతకి పెట్టి ‘కొత్త’ పండుగ చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. కొనుక్కొచ్చిన పండైనా అంతే. వానలకి ముందు పూజ చేసిన విత్తనం ఇంటింటికీ పిడికెడు పంచుతారు. దీనికి ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. ఈ ఊళ్ళో ఆ పంచే పని అత్త నుంచి కోడలికి వస్తుంది. వాళ్ళత్త పోయిన దగ్గర్నించి అది పెద్దమ్మది. కొత్త కాకముందు తిన్న మనిషి విత్తనం ముట్టకూడదు. పెద్దమ్మకి కొండవాలు మీద పొలం చెక్క ఒకటి తప్ప ఆస్తి లేదు, పిల్లలు లేరు. ఊళ్ళో ఆవిడకున్న చోటు ఆ పిడికిలే.

కార్యక్రమం ప్రసారమైంది. నేను చూశాను. పెద్దమ్మ పండు మూతి దాకా ఎత్తింది. తరవాత ఆవిడ మొహం దగ్గరగా చూపించారు, నములుతోంది. మర్నాడు నా వ్యాసం రాశాను. కాఫీ తోట, పొగ, గుడ్డలు, దారాలు, రెండోసారి తీసిన ఏడుపు, అన్నీ నేను చూసినవి చూసినట్టే రాశాను. వాటితో పాటు ఇంకో వాక్యం రాశాను. కెమెరా కోసం ఆ వృద్ధురాలి చేత కొత్త కాకముందే మామిడిపండు తినిపించారని. ఛానెల్ మీద కోపంతో రాసిన వాక్యం అది. ఆ వ్యాసంలో నేను కళ్ళారా చూడనిది అదొక్కటే. టీవీలో చూపించింది నకిలీ అని నిరూపిస్తూ, ఆ ముక్క మాత్రం టీవీ చూసి రాశాను.

ఊరివాళ్ళు కూడా ఆ కార్యక్రమం చూశారు, బాగా నవ్వుకున్నారట. మంచు మంచు కాదు, పళ్ళు ఆ చెట్టువి కాదు, ఆవిడ బెదరడం బెదరడం కాదు. కాబట్టి తినడం కూడా ఆటే అనుకుని వదిలేశారు. తరవాత బస్సులో పేపరొచ్చింది. స్కూలు మాస్టారు అందరి ముందూ చదివి వినిపించాడు.

వైశాఖంలో మళ్ళీ వెళ్ళినప్పుడు, దాహమేసి గుమ్మంలో ఆగిన పక్కింటావిడ పెద్దమ్మ ఇచ్చిన చెంబు అందుకోకుండా వెళ్ళిపోవడం చూశాను. విత్తనాల గంప ఈసారి తోటికోడలి ఇంట్లో ఉందని తెలిసింది. ఏమైందని అడిగాను. పెద్దమ్మ విస్తరి కుట్టడం ఆపలేదు.

“పేపరు సదివినారు. నువ్వు ఎరిగే రాసుంటావనుకున్నారు.”

గొంతులో నిష్ఠూరం లేదు. తిన్నదీ లేనిదీ చెప్పలేదు. నేను కూడా వెంటనే చెయ్యవలసిన పని చెయ్యలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసి, ఆధారం కోసం బండ ఎక్కి హైదరాబాదుకి ఫోన్ చేశాను. ఆ కార్యక్రమానికి ఎడిటింగ్ చేసిన ఒకావిడ తన పేరు రాయకూడదని చెప్పి, కోతలు పెట్టని అసలు వీడియో పంపింది. అందులో పెద్దమ్మ పండు ఎత్తుతుంది, మూతి దగ్గర ఆపుతుంది, దించేస్తుంది. కొరకమని గొంతు ఒకటి వినబడుతుంది. ఆవిడ తల అడ్డంగా తిప్పుతుంది. నమిలే మొహం ముందు రోజుది, నేను వచ్చేశాక ఆవిడ చిలగడదుంప తింటుంటే తీసింది.

నాకు కొండంత ధైర్యం వచ్చింది. పేపర్లో సవరణ వేయించాను. ఆ పేపరూ, ఫోనూ పట్టుకుని విత్తనాలు పంచే రోజు పొద్దున్నే ఊరి దేవత రాయి దగ్గరికి వెళ్ళాను. అందరూ కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ ఒక పక్కగా కూర్చుంది. ఊరి పెద్దకి సవరణ చదివి వినిపించాను, వీడియో రెండుసార్లు చూపించాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని ఓపిగ్గా చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

“ముందు నువ్వే తిన్నాదన్నావు. ఇప్పుడు నువ్వే తిననేదంటన్నావు. అదీ పేపరే, ఇదీ పేపరే. అదీ టీవీయే, ఇదీ టీవీయే. మేం ఏటి నమ్మాల?”

ఫోను జేబులో పెట్టేసుకున్నాను. వృత్తిలో ఎంతోమంది నన్ను ప్రశ్నలడిగారు. ఇలా ఎవరూ అడగలేదు.

ఆయన జనం వైపు తిరిగాడు. “మనిసి ఇక్కడే ఉంది గదా. ఎవులైనా అడిగినారా?”

మాస్టారు నేల చూశాడు. తోటికోడలు కొంగు సర్దుకుంది. ఊరి పెద్ద వంగి, రాయి పక్కన మట్టి కొంచెం తీసి పెద్దమ్మ అరచేతిలో పెట్టాడు. వాళ్ళ దగ్గర మట్టి చేతిలో పెట్టి అడిగిన మాటకి అబద్ధం చెప్పరు. అడక్కముందు చెప్పే అలవాటు కూడా లేదు. అడక్కుండా చెబితే అది సంజాయిషీ కిందికి వస్తుంది, తప్పు చేసినవాళ్ళే అలా చెబుతారని వాళ్ళ లెక్క. ఆవిడ అన్నాళ్ళూ ఎందుకు నోరు విప్పలేదో నాకు అప్పటికి అర్థమైంది.

“తిన్నావా?”

“నేదు.”

“మరి ఎత్తినావేటి?”

“ఎత్తమన్నారు, ఎత్తినాను. కొరకమన్నారు, కొరకనేదు. ఆకలిగా ఉన్న గుంటకి ఇచ్చినాను. ఆ గుంటకి కొత్త పట్టింపు నేదు గదా.”

ఊరి పెద్ద తల ఊపాడు. అంతే. ఎవరూ క్షమాపణ చెప్పలేదు, ఆవిడా ఎదురుచూడలేదు. తోటికోడలు లేచి గంప తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టి, “బేగి కానీయక్కా, ఎండెక్కిపోతంది,” అంది. పెద్దమ్మ చేతి మట్టి దులుపుకోలేదు. ఆ చేత్తోనే గింజలు తీసింది.

వరసగా నిలబడ్డ ఇళ్ళవాళ్ళందరికీ పంచింది. ఎవరి చేతిలో పోస్తే వాళ్ళ మొహం వైపు ఒకసారి చూసేది. నీళ్ళు తీసుకోని పక్కింటావిడకి అందరికన్నా ఒక వేలెడు ఎక్కువే పడ్డట్టు నాకు అనిపించింది. కానీ నేను దూరంగా ఉన్నాను, రూఢిగా చెప్పలేను. నేను క్షమించమని అడగబోతే ఆవిడ వినలేదు. పైన చెయ్యవలసిన పని ఉందని చెప్పింది. నన్ను మళ్ళీ రమ్మంది, వచ్చేటప్పుడు సూదులు తెమ్మంది.

ఆ తరవాత చాలాసార్లు వెళ్ళాను, సూదులు తీసుకెళ్ళాను. ఆవిడ ముందు ఇంకెన్నో వార్తలు చదివాను. అయినా ఫోన్లో ఆశా కార్యకర్త మాట విన్నప్పుడు నా కళ్ళముందుకి వచ్చింది ఆ రోజే. బస్సు కోసం దిగుతూ మలుపులో ఒకసారి వెనక్కి తిరిగాను. ఎదర వాలు మీద, కొత్తగా దుక్కి చేసిన ఎర్రటి చెక్కలో ఆవిడ ఒక్కర్తే పైకి నడుస్తోంది. తన వంతు సామలు చల్లుకుంటోంది. అంత దూరం నుంచి గింజలు కనబడవు. నడుం దగ్గర పిడికిలి మూసుకుంటుంది, పక్కకి సాగుతుంది, తెరుచుకుంటుంది. రెండడుగులు వేస్తుంది. మళ్ళీ మూసుకుంటుంది, సాగుతుంది, తెరుచుకుంటుంది.