ముప్పై నాలుగో అంగీ

నాకు నోటిదురుసు ఎక్కువని మా ఊళ్లో అందరూ అంటారు. అననివ్వండి. ఆ ఆదివారం పొద్దున నేను నోరు మూసుకుని ఉంటే ఒటాసిలియో అన్న సంగతి ఇవాళ మీకు ఇంత సంతోషంగా చెప్పుకునేదాన్ని కాదు.

ఆయన పన్నెండో ఏట కత్తి పట్టి అరవై దాకా మా తోటల్లో చెరకు నరికాడు. భార్య నెవూజా పోయి ఏడేళ్లు. పిల్లల్లేరు. మాట పొదుపు. ఎప్పుడన్నా నేను ఎండుమాంసం వేసి కర్రపెండలం వండి పట్టుకెళ్తే గిన్నె తీసుకుని తలుపేసుకునేవాడు. బాగుందనడు, మేలు చేశావనడు. మర్నాడు ఆ గిన్నె శుభ్రంగా తోమి, నిండా జామకాయలు పోసి మా గుమ్మంలో పెట్టి పోయేవాడు. "నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా అన్నా?" అని ఎన్నిసార్లు దెప్పానో! ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కార్నివాల్ పండగ వస్తే మాత్రం ఆ మనిషే వేరు. వీపుకి గంటలు, తలకి రిబ్బన్ల కుచ్చుటోపీ, చేతిలో తనకన్నా పొడుగు బల్లెం, పళ్ల మధ్య తెల్లపువ్వు. మా ఊరి ఊరేగింపు జట్టులో బల్లెంవాళ్లు ముప్పైమంది. వరుసకి ముందు నడిచేది ఆయన. ముప్పై మూడేళ్లుగా ఆయనే. మేం ఆడవాళ్లం వెనకాల పెద్ద పెద్ద పావడాలు తిప్పుకుంటూ వస్తాం గానీ, రెసీఫి పట్నం వీధుల్లో జనం మొదట చూసేది ఆయన్నే.

చూసేది ఆయన్ని కూడా కాదు, అంగీని. భుజాల మీంచి మోకాళ్ల దాకా దిగే నల్ల ముఖమల్ అంగీ, దాని నిండా చమ్కీలు. ఎవడి అంగీ వాడే కుట్టుకోవాలి. వేసుకునే రోజు దాకా ఎవరికీ చూపించకూడదు. ఇంకొకరి సూది అందులో దిగిందా, ఆ అంగీ ఇక వేసుకోవడానికి పనికిరాదు. మా జట్టులో తాతల నాటి కట్టుబాటు అది. ముందు నడిచేవాడు ఏడాదికో కొత్త అంగీ కుట్టుకోవాలి కూడాను.

గడిచిన ఏడాదిగా ఆయన కళ్లకి పొర కమ్మింది. చెప్తే ఒప్పుకుంటాడా! కాఫీ కప్పులో కాక పక్కన ఒంపుకుని, కప్పు ఓటిదని నామీద ఎగిరాడు. వరుసలో ఆయన వెనక నడిచే జోసియాస్ ఊరుకునే రకం కాదు. "ముసలాయన బల్లెం పట్టుకుని నడుస్తాడో, బల్లెమే ముసలాయన్ని పట్టుకుని నడుస్తుందో ఈసారి చూద్దాం" అని సంతలో నలుగురి ముందూ అనేశాడు. ఆయన తప్పుకుంటే ముందు నడిచేది జోసియాసే మరి. ఊళ్లో అందరం ఒకటే అనుకున్నాం: ఈ ఏడు నడిస్తే సరే, నడవకపోతే ఈ మనిషి ఇక ఇంట్లోంచి బయటికి రాడు.

కార్నివాల్ ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. మా బస్సు సంగతి అడక్కండి, తలుపుకి తాడు కట్టాం. గంటల మూటలు కాళ్ల కింద, బల్లేలు పైన, మా పావడాల చట్రాలు వెనక సీట్ల నిండా. దారిలో కార్పీనా ఊరి దగ్గర కాఫీకి ఆపారు. నా సంచీకి చోటు కోసం ఒటాసిలియో అన్న మూట పక్కకి జరిపాను. ముడి ఊడింది. దేవుడి మీద ఒట్టు, నేను విప్పలేదు, అదే ఊడింది. ఊడాక చూడకుండా ఉండలేకపోయాను.

ముందువైపు చమ్కీలతో కుట్టిన సింహం బ్రహ్మాండంగా ఉంది. వెనక్కి తిప్పితే పువ్వులు. వాటి మధ్య, సరిగ్గా వీపు నడుమ, రెండు అరచేతులంత మేర ఏమీ లేదు. ఏమీ లేదంటే కుట్టలేదని కాదు. వరుసలు వరుసలుగా కుట్లున్నాయి, గీత గీసినట్టు తిన్నగా. చమ్కీలే లేవు. సూదికి ఎక్కించాననుకున్నవి కిందికి జారిపోయాయి, ఆయనకి కనపడలేదు. ఎన్ని వారాలు కూర్చున్నాడో, ఉత్త దారం కుట్టుకుంటూ పోయాడు.



తిరిగి కట్టేసి ఊరుకుందామా అనుకున్నాను. ఊరుకుంటే ఏమవుతుంది? రెసీఫిలో వేలమంది ముందు ఎవడో వేలెత్తి చూపించి నవ్వుతాడు. అది నేను భరించలేను. కాఫీ కొట్టు దగ్గరికి వెళ్లి ఆయన్ని చెయ్యి పట్టుకుని బస్సులోకి లాక్కొచ్చి, ఆ చేతినే తీసి అంగీ మీద పెట్టాను.

"చూసుకో అన్నా."

వేళ్లతో తడిమాడు. ఒకసారి, రెండుసార్లు. మొహం వాడిపోయింది.

"ఎవరు చూశారు?"

"నేనే."

"నీకు కడుపులో మాట దాగదు. ఊరంతా చూసినట్టే." మూట కట్టడం మొదలెట్టాడు. "ఎదురు బస్సెక్కి ఇంటికి పోతాను. జోసియాస్‌ని ముందు నడవమను."

ఈలోగా అందరూ బస్సెక్కుతున్నారు. జోసియాస్ తలుపు తాడు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అంతా విన్నాడు. ఇప్పుడేం కూస్తాడోనని నేను చెప్పుకి చెయ్యి వేశాను కూడా.

"సూది ఎవరి దగ్గరుంది?" అన్నాడు వాడు.

"నోర్ముయ్" అన్నాడు ఒటాసిలియో అన్న. "ఇంకొకడి సూది దిగిన అంగీ నేను వెయ్యను. నీకు తెలీదా కట్టుబాటు?"

"నాకు తెలుసు. నీకే తెలీదు." జోసియాస్ వచ్చి ఎదురుసీట్లో కూలబడ్డాడు. "పన్నెండేళ్ల కింద నా కాలు కత్తికి తెగి రెండు నెలలు ఆసుపత్రిలో పడి ఉన్నానా లేదా? పోయేటప్పటికి నా అంగీ సగమే అయింది. వచ్చేసరికి పూర్తయి ఉంది. మా అమ్మని అడిగితే పైకప్పు వంక చూసింది. అంగీ తిరగేసి చూశాను. చమ్కీ పెట్టాక దారం రెండుసార్లు మెలి తిప్పే పిచ్చి మన ఊళ్లో నీ ఒక్కడికే ఉంది."

వాడు సీటు అంచుకి జరిగాడు.

"పన్నెండేళ్లుగా నీకు దణ్ణం పెట్టాలని నాకు ఉంది. పెడితే కట్టుబాటు తప్పావని నలుగురికీ తెలుస్తుంది. అందుకని నోటికొచ్చినట్టు దెప్పిపొడుస్తూ బతికాను. ఇదిగో, ఇప్పుడు పెడుతున్నాను." వాడు ఏడుస్తున్నాడు, సిగ్గులేకుండా, చొక్కాతో ముక్కు తుడుచుకుంటూ. "ఆ ఏడు నువ్వు కుట్టకపోతే నేను జట్టులోనే ఉండేవాణ్ణి కాదు."

 ఒటాసిలియో అన్న మూట ముడి తనే విప్పి, అంగీని ఒళ్లో పరిచాడు.

"మెల్లిగా కుట్టు. గాడిదలా గుచ్చకు."

జోసియాస్ తన అంగీ తీసి, దాని మీది సింహం తోకలోంచి ఎర్రచమ్కీలు ఊడబీకాడు. అది చూసి ఒకడు పసుపువి ఇచ్చాడు, ఒకడు నీలం. ఇంకేముంది, అందరూ మీదపడ్డారు. ఎవడి అంగీలోంచి వాడు పీకడం, ఎవడి వంతు వాడు కుట్టడం. బస్సు కదిలాక సూది అంగీలో కన్నా తొడల్లోనే ఎక్కువ దిగింది. "ఆడదాని సూది కూడానా!" అని ఎవడో గొణిగితే, "మూట విప్పింది... కాదు, ఊడింది నా చేతిలోనే, నాకూ వంతుంది" అని రెండు ఆకుపచ్చవి గట్టిగా కుట్టేశాను. ఒలిండా పొలిమేరలో ఎర్రదీపం పడితే డ్రైవరు వాల్దెమీర్ కూడా వెనక్కి వంగి ఒక్క చమ్కీ కుట్టాడు. దీపం పచ్చబడింది, వెనక బండ్లవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచారు, ఆయన మాత్రం ముడి వేశాకే కదిలాడు.

రెసీఫిలో దిగేసరికి ఎండ మాడిపోతోంది. ఆయన అంగీ వేసుకుని, పువ్వు పళ్ల మధ్య పెట్టుకుని, బల్లెం ఎత్తి ముందు నిలబడ్డాడు. రావాల్సింది ఆరడుగుల వెనకైతే జోసియాస్ ఒక్క అడుగు వెనకే వచ్చాడు. పువ్వు నోట్లో ఉంటే మాట రాదు కదా, తన పువ్వు తీసి చెవి వెనక దోపుకున్నాడు. మా జట్టులో అంతటి తప్పు ఎవరూ చేసి ఎరగరు. "ఎడమకి అన్నా... గుంత... ఇప్పుడు తిరుగు..." డప్పుల మోతలో ఆ మాటలు వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ వినపడలేదు, నాకు తర్వాత జోసియాసే చెప్పాడు. ఒటాసిలియో అన్న దూకాడు, తిరిగాడు, బల్లెం గిరగిరా తిప్పాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి కూడా తడబడలేదు. నేను పావడా తిప్పుతూ బావురుమని ఏడ్చాను. ఎండకి నీళ్లు కారుతున్నాయని పక్కదానికి చెప్పాను.

అయిపోయాక అరుగు మీద కూర్చుని చెరకురసం తాగుతున్నాం. పట్నం ఆవిడ ఒకతె ఫోనుతో వచ్చి అంగీకి ఫొటోలు తీసుకుంది. వెనక్కి తిరగమంది. "ఈ నడుమ ముక్క ఎంత బాగుంది! ఇన్ని రంగులు! ఎవరు కుట్టారండీ?"

ఎవరడిగినా ఆ ప్రశ్నకి ఆయన గుండెల మీద చెయ్యి వేసుకుని ఊరుకునేవాడు, ఇన్నేళ్లూ. ఈసారి చెయ్యి వెనక్కి పోనిచ్చి, వీపు మీద వేలితో వెతికాడు.

"ఇది జోసియాస్. వీడికి ఓపిక లేదు, కుట్టు వదులు. మేలు చేశాడు. ఇది తోన్యో, దారం రెండు పేటలు వేస్తాడు. మేలు చేశాడు. ఇది మా డ్రైవరు, పాపం ఒక్కటే..."

ఆవిడ నవ్వి, తలూపి, ఇంకో జట్టు వస్తుంటే అటు వెళ్లిపోయింది. ఆయనకి కనపడలేదు. వేలు జరుపుకుంటూ ఒక్కొక్క పేరే చెబుతూనే ఉన్నాడు, ప్రతి పేరు వెనకా ఆ మాట అంటూనే ఉన్నాడు. ఆవిడ వెళ్లిపోయిందని మేమెవరం చెప్పలేదు. రసం గ్లాసు చేత్తో పట్టుకుని, నా రెండు ఆకుపచ్చల దగ్గరికి ఆ వేలు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను.