బల్లి ఓడిన ఏడాది

“తాడు నా చేతిలోంచి జారిపోతే?”

“జారితే నేను కింద పడతాను. మీ అన్న నాలుగు రోజులు ఏడ్చి ఇంకో పెళ్లి చేసుకుంటాడు. ఇంకేమైనా సందేహాలున్నాయా?”

వదిన బూటు లేసు బిగిస్తూ తలెత్తకుండానే అంది. పొద్దుటి నుంచి మరిది ఈ ప్రశ్న అడగడం నాలుగోసారి. ఇద్దరూ పోటీదారులు తయారయ్యే గదిలో ఉన్నారు. గోడంతా అద్దం, అద్దం చుట్టూ బల్బులు, మూలన ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. తలుపు అవతల పెద్ద షెడ్డు, షెడ్డు మధ్యలో ఆరంతస్తుల ఎత్తున చెక్క టవరు. ఇంకో గంటలో వదిన దాన్ని ఎక్కాలి. ఆమె నడుముకు కట్టిన తాడు కింద అతని చేతుల్లో ఉంటుంది.

ఆ చేతులు అప్పటికే చెమటతో తడిసిపోయాయి.

వదిన పని అద్దాలు తుడవడం. ఇంట్లో అద్దాలు కాదు. ఇరవై, ముప్పై అంతస్తుల భవనాలకు బయటివైపు ఉండే అద్దాలు. పైకప్పు నుంచి తాడు వేలాడదీసుకుని, చిన్న చెక్కపీట మీద కూర్చుని, పక్కన సబ్బునీళ్ల బకెట్టుతో ఒక్కో అంతస్తే దిగుతుంది. లోపల పనిచేసుకునేవాళ్లకు ముందు ఆమె బూట్లు కనబడతాయి, తర్వాత మోకాళ్లు, ఆ తర్వాత మొహం. పదహారేళ్లుగా అదే పని. తోటివాళ్లు పెట్టిన పేరు బల్లి. ఆ పేరుకు ఆమె కోపం తెచ్చుకోలేదు సరికదా, హెల్మెట్ మీద తనే రాయించుకుంది.

టీవీలో “శిఖరం” పోటీకి దరఖాస్తు పెట్టింది కూడా ఆమె కాదు, తోటివాళ్లే. పోటీ వినడానికి తేలిక. పలకలు, వలలు, ఊగే దూలాలు దాటుకుంటూ టవరెక్కి పైనున్న గంట కొట్టాలి. ఎవరు తక్కువ సమయంలో కొడితే వాళ్లదే గెలుపు. మొదటి ఏడాది కండలు తిరిగిన కుర్రాళ్ల మధ్య ముప్పై దాటిన మనిషి ఆమె ఒక్కతే.

“అక్కా, ఇక్కడ తుడవడానికి అద్దాల్లేవు” అన్నాడొకడు, కెమెరా చూస్తుండగానే.

“నేలుందిగా. నువ్వు పడ్డాక తుడుస్తాలే” అంది.

అతను రెండో దూలం దగ్గర పడ్డాడు. ఆమె గెలిచింది.

రెండో ఏడాది పోటీ కష్టంగా ఉండాలని పలకల మీద నీళ్లు చల్లారు. తడి మీద జారకుండా నిలబడటం ఆమె రోజూ చేసే పనే కాబట్టి అది ఆమెకే కలిసొచ్చింది. మూడో ఏడాది మధ్యలో భుజం పట్టేసినా నాలుగు సెకన్ల తేడాతో గెలిచింది. చిత్రమేమిటంటే, ఏ ఏడాదీ మొదటి రౌండులో ఆమె ముందు లేదు. పరుగెత్తదు, అంతే. ఒకసారి పెట్టిన కాలు మళ్లీ తీసి సర్దుకోదు. “ఈవిడ ఎక్కుతుంటే ఆవలింతలొస్తున్నాయి” అని జనం రాసేవారు. రాస్తూనే చివరిదాకా చూసేవారు. గెలిచిన మర్నాడే పనికి వెళ్లిపోయేది. అద్దం లోపలి నుంచి ఫోటోలు తీసేవాళ్లను కొంచెం పక్కకు జరగమని, మరక కనబడటం లేదని సైగ చేసేది. గెలిచిన కప్పుల్లో ఒకటి ఇంట్లో తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పెట్టింది.

నాలుగోసారి పిలుపొచ్చింది పాత విజేతలందరినీ కలిపి పెట్టిన పోటీకి. అందులో ఒక కొత్త నిబంధన. తాడును యంత్రం పట్టదు, ఇంటి మనిషి పట్టాలి. ఎక్కేవాళ్ల నడుము నుంచి తాడు పైదాకా వెళ్లి, అక్కడున్న ఇనుప వలయంలోంచి తిరిగి కిందికొస్తుంది. వాళ్లు ఎక్కేకొద్దీ కింది మనిషి దాన్ని తన నడుంపట్టీలోంచి పోనిచ్చుకుని వదులు లాగుతూ ఉండాలి. కాలు జారితే బిగించి ఆపాలి. ఏదైనా తేడా కనిపిస్తే “ఆపు” అని అరిచే హక్కు కూడా ఆ మనిషికుంది. కాకపోతే అరిచినా గడియారం ఆగదు.

అన్నయ్యే పట్టుకుంటాడని అందరూ అనుకున్నారు. బస్సు డ్రైవరు, రెండు చేతులూ రోకళ్లలా ఉంటాయి. అన్నయ్య కూడా అలాగే అనుకుని కొత్త తొడుగులు కొనుక్కొచ్చాడు. వదిన ఫారంలో మరిదిని రాసింది.

“వీణ్నా? గ్యాసు కట్టేశానో లేదో అని సగం దారి నుంచి వెనక్కొచ్చే రకం వీడు!”

“అందుకే. నువ్వు చూడకుండానే అంతా బాగుందంటావు. అతను అంతా బాగున్నా చూస్తాడు.”

మరిదికి ఆ మాట మింగుడుపడలేదు. అతను తాగునీళ్లు పరీక్షించే ల్యాబులో కెమిస్టు. అయిదు నెలల కిందట కూతురు పుట్టింది. ఆ రోజు నుంచీ తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. పాపను కూర్చుని ఎత్తుకుంటాడు, నిలబడి ఎత్తుకోడు. మెట్ల దగ్గర అసలు ముట్టుకోడు. స్నానం సంగతి సరేసరి. సబ్బు రాసిన ఒళ్లు, తడి చేతులు, కింద గచ్చు. “ఈ పిల్లకి నాన్న ఉన్నాడా, చూసిపోయే చుట్టమున్నాడా?” అని భార్య ఒకసారి నవ్వుతూ అంది. రెండోసారి అన్నప్పుడు నవ్వలేదు.

అలాంటివాడి చేతికి వదిన తాడిచ్చింది.

సాధన మొదలైన వారంలో అతను తొమ్మిదిసార్లు “ఆపు” అని అరిచాడు. ఒకసారి దూలం కిర్రుమందని, ఒకసారి ఆమె మోకాలు వణికిందేమోనని, ఒకసారి ఎందుకో అతనికే తెలియదు. ప్రతిసారీ ఆమె ఆగింది. ప్రతిసారీ ఏమీ లేదు. షెడ్డులో అతనికి సైరన్ అని పేరు పడిపోయింది. భద్రత చూసుకునే పెద్దాయన వదినను పక్కకు పిలిచాడు.

“ఏమ్మా, ఫైనల్లో కూడా మీవాడు ఇలాగే మోగితే మీరు గంట కొట్టేసరికి మేమంతా రిటైరైపోతాం. మనిషిని మార్చుకోండి. ఇంకా టైముంది.”

మరిది విన్నాడు. తన నడుంపట్టీ విప్పి బెంచీ మీద పెట్టేశాడు.

“ఆయనన్నది నిజమే వదినా. అన్నయ్యని రమ్మను. నావల్ల నువ్వు ఓడిపోతావు. లేకపోతే నావల్ల...”

వదిన పక్కన కూర్చుని నీళ్ల సీసా మూత తీసింది. రెండు గుక్కలు తాగాక అడిగింది.

“మీ ల్యాబుకి నీళ్లు తెస్తారు కదా. తేడాగా ఉంటే కాగితం మీద ఏం రాస్తావు? ‘అమ్మో, ఊరంతా చస్తారు’ అని రాస్తావా?”

“అలా ఎవరైనా రాస్తారా? కొలిచి, ఎంతుందో అది రాస్తాను.”

“మరి నా దగ్గరికొచ్చేసరికి ఊరంతా ఎందుకు చంపేస్తున్నావు?”

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

“మా పనిలో ఒక పద్ధతుంది. తాడు మీదికి దిగేముందు కంటికి కనిపించేది పైకి చెప్పాలి. ముడి ఉంది. మర బిగిసింది. కింద మనుషుల్లేరు. అంతే. ‘పడిపోతావేమో’ అంటే అవతలి మనిషి ఏం చేసుకోవాలయ్యా ఆ మాటని? భయపడాలి, ఇంకేం చేస్తుంది? ఇవాళ్టి నుంచి నువ్వు ఊరికే అరిస్తే నేను ఆగను. ఏం కనిపించిందో చెబితే ఆగుతాను. సరేనా?”

అప్పుడు తన నడుం దగ్గరి కొక్కెం చూపించింది. తాడు చివరను నడుంపట్టీకి తగిలించే ఉక్కు కొక్కెం అది. దాని నోరు దానంతటది తెరుచుకోకుండా ఒక మర ఉంటుంది.

“ఇది పూర్తిగా తిప్పితే ఈ ఎర్ర గీత లోపల దాక్కుంటుంది. గీత బయటికి కనబడిందంటే కొక్కెం నోరు తెరుచుకోవచ్చు. ఇది భయం కాదు మరిదిగారూ, కొలత.”

తర్వాతి రెండు వారాల్లో సైరన్ మోగింది రెండేసార్లు. “ఎడమ బూటు లేసు ఊడింది” అన్నాడొకసారి. నిజంగానే ఊడింది.

ఫైనల్ రోజున అగ్నిమాపక దళంలో పనిచేసే పాత విజేత ముందుగా ఎక్కాడు. రెండు నిమిషాల నలభై ఒక్క సెకన్లలో గంట కొట్టేశాడు. షెడ్డు మార్మోగింది. తర్వాత వదిన వంతు.

భద్రత పెద్దాయన ముడి లాగి చూశాడు, మర తిప్పి చూశాడు, బొటనవేలు పైకెత్తి పక్కకు వెళ్లిపోయాడు. ఆయన అటు తిరిగాడో లేదో మైకులు అమర్చే అతను పరుగున వచ్చాడు. “మేడమ్, సౌండ్ గరగరలాడుతోంది, ఒక్క నిమిషం” అంటూ ఆమె నడుం దగ్గర వైరేదో సర్ది, అంతే హడావిడిగా వెళ్లిపోయాడు. వదిన కళ్లు అప్పటికే టవరు మీదున్నాయి. మరిది చేతి తొడుగులు బిగించుకుంటున్నాడు. అతనికి కనబడింది మైకు మనిషి వీపు మాత్రమే.

మూడు, రెండు, ఒకటి.

ఆమె కదిలింది. అతను వదులు లాగాడు. ఇంకోసారి లాగాడు. ఆమె నడుము అతని తలకన్నా మూరెడు పైకి చేరింది. అప్పుడు అతనికి ఆ పాత భయం మళ్లీ మొదలైంది. ఏదో తేడా. ఏమిటో తెలియదు.

“వదినా! పడిపోతావు!”

ఆమె ఆగలేదు. కుడిచేయి పై పలకను అందుకుంది. జనం గొల్లున నవ్వారు. యాంకర్ మైకులో “సైరన్ మోగిందండీ!” అన్నాడు.

మరిది నోరు మూసుకున్నాడు. ల్యాబులో గాజుగొట్టాన్ని వెలుతురుకెత్తి చూసినట్టు, పైనుంచి కిందికి ఒక్కొక్కటే చూశాడు. చేతులు పలక మీద ఉన్నాయి. బూట్లు, లేసులు బాగున్నాయి. ముడి ఉంది. కొక్కెం.

“ఆపు. కొక్కెం. ఎర్ర గీత కనిపిస్తోంది.”

గొంతు పెద్దగా కూడా రాలేదు. అయినా ఆమె ఉన్నచోటే గోడకు అతుక్కుపోయింది. ఎడమచేత్తో పలక పట్టుకుని కుడిచేత్తో నడుము తడుముకుంది. మర మొత్తం వెనక్కి తిరిగి ఉంది. కొక్కెం నోరు పలక అంచుకు ఒరుసుకుని సగం తెరుచుకుంది. వైరు దూర్చడానికి కొక్కెం విప్పినవాడు మళ్లీ తగిలించాడు గాని మర తిప్పడం మరిచిపోయాడు.

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. గడియారం ఆగలేదు. ఆమె వేళ్లు మరను తిప్పుతున్నాయి. ఒక చుట్టు, రెండు, మూడు.

“గీత ఉందా?” అని పైనుంచే అడిగింది.

“లేదు.”

“పద.”

తొమ్మిది సెకన్లు పోయాయి.

నాలుగంతస్తుల ఎత్తున ఊగే దూలం వచ్చింది. పోటీల్లో ఏనాడూ జారని ఆమె కాలు అక్కడ జారింది. పోయిన సెకన్లను పట్టుకుందామని ఆమె మొదటిసారి తొందరపడింది. కింద మరిదికి ఆలోచించే వ్యవధి లేదు. తాడు ఒక్క గుంజు గుంజింది. అతని నడుంపట్టీ ఒంట్లోకి దిగిపోయింది. పాదాలు నేల నుంచి జానెడు పైకి లేచాయి. చేతులు మాత్రం తాడు మీదే ఉన్నాయి. బిగిసి ఉన్నాయి. ఆ సంగతి అతనికి చూస్తే గాని తెలియలేదు.

పైన వదిన గాల్లో గిర్రున తిరుగుతోంది.

“పట్టుకునే ఉన్నాను వదినా! దూలం నీ ఎడమ పక్కన, మూరెడు దూరం!”

ఆమె చేయి చాచి దూలం అందుకుంది. ఇక తొందరపడలేదు. గంట మోగేసరికి రెండు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు.

యాంకర్ మైకు ఆమె మొహం ముందు పెట్టాడు. “ఏడంటే ఏడు సెకన్లు! మీ మరిదిగారు తొమ్మిది సెకన్లు ఆపేశారు. కోపంగా లేదా?”

“ఆ తొమ్మిది సెకన్లు లేకపోతే మీరిప్పుడు నన్నడగరు, డాక్టర్ని అడుగుతారు.”

మైకు అమర్చినతను ఒక మూలన తల పట్టుకుని కూర్చున్నాడు. వదిన అతని దగ్గర ఆగింది. “ఇంకోసారి ఎవరి కొక్కెమైనా ముట్టుకుంటే, ముట్టుకున్నానని పైకి చెప్పు నాయనా” అంది.

మరుసటి ఏడాది అదే జోడీ మళ్లీ వచ్చి గెలిచింది. ఆ నాలుగో కప్పు ఇప్పుడు వంటింటి తలుపుకు అడ్డంగా ఉంది. అయినా ఇంట్లో వాళ్లు పదేపదే చెప్పుకునేది మాత్రం ఓడిన ఏడాది గురించే.

ఆ ఓటమి మర్నాడు పొద్దున, షెడ్డులో అతను మరచిపోయిన తొడుగులు ఇచ్చిపోదామని వదిన మరిది ఇంటికి వెళ్లింది. స్నానాలగదిలో చిన్న టబ్బు, టబ్బు ముందు చొక్కా చేతులు మడుచుకుని మరిది, అతని చేతుల్లో పాప. భార్య గుమ్మంలో తువ్వాలు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది.

“జారిపోతే?” అన్నాడతను, వదిన అడుగుల చప్పుడు విని.

వదిన తొడుగులు గూట్లో పెట్టి, చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది. ఆమె దేనికోసం ఆగిందో అతనికి తెలుసు.

“తల నా ఎడమ మోచేతి మీద ఉంది” అన్నాడు మెల్లగా. “నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగు వేళ్ల లోతు. కుడిచేతికి సబ్బు లేదు. కాళ్లు తంతోంది. నవ్వుతోంది.”

పాప వీపు నీళ్లను తాకింది.

ఆ పాపకు ఇప్పుడు మూడేళ్లు. సోఫా మీద నుంచి దూకుతుంది, కిటికీ ఊచలెక్కుతుంది. అతని భయమేమీ పోలేదు. మొన్న జ్వరం వస్తే డాక్టరుకు ఫోన్ చేసి, “పిల్లకేదో అయిపోతోందండీ” అనబోయి నాలుక్కరుచుకున్నాడు. “నూట ఒకటిన్నర ఉంది. పొద్దుటి నుంచి రెండుసార్లు పాలు తాగింది. పిలిస్తే పలుకుతోంది” అన్నాడు. ఆ భయం మొదలైన ప్రతిసారీ బెంచీ మీద నీళ్ల సీసాతో కూర్చున్న మనిషి గొంతు వినిపిస్తుంది:

“ఏమవుతుందో నాకు చెప్పకు. ఏం కనిపిస్తోందో చెప్పు.”