సత్రం గుమ్మంలో పిలుపు

బుజ్జులూ, నీ గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు సత్రంవాళ్ళు. ఏం రాయను నాన్నా?

మా అమ్మాయి బుజ్జులు పోయిందండీ. పోయిన మార్గశిరంలో, మిట్టమధ్యాహ్నం, సత్రం వంటింట్లో. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

సత్రమంటే కృష్ణ ఒడ్డున రాతి స్తంభాలతో పాతది. ఏ రాజులు కట్టించారో గాని, దుర్గమ్మ కొండకి నడిచొచ్చే యాత్రికులు జబ్బుపడితే అక్కడ పడుకోబెట్టి, కషాయాలు పోసి, లేచి నడిచాక పంపేవాళ్ళంట. ఇప్పుడు అక్కడే మంచాలేసి, చూసేవాళ్ళు లేని ముసలివాళ్ళని ఉంచుతున్నారు. వాళ్ళకి వండి వడ్డించేది మా అమ్మాయి. మా ఆయన పోయాక నేనూ దాని దగ్గరే, సత్రం వెనకగదిలో.

పళ్ళులేని తాతగారొకాయనతో రోజూ గొడవే. "ఇవ్వాళా సొరకాయేనా?"

"నిన్న గారెలేస్తే జేబులో దాచుకున్నారుగా తాతగారూ, ముందవి బయటికి తియ్యండి!" అనేది మా పిల్ల.

పంక్తంతా నవ్వేది. ఆయనా నవ్వేవాడు, జేబు మాత్రం గట్టిగా పట్టుకుని.

అందరూ తిన్నాక, వడ్డించిన మనిషి వీధిగుమ్మంలో నిలబడి, "ఆకలితో ఉన్నవాళ్ళెవరన్నా ఉంటే రండీ" అని పిలవాలి. వచ్చినవాళ్ళకి పెట్టాకే తను తినాలి. సత్రం కట్టిననాటి ఆచారమంట. మా పిల్లకేమో షుగరు. ఇంజెక్షను చేసుకోగానే తినాలని, లేకపోతే షుగరు పడిపోయి ప్రాణంమీదకొస్తుందని డాక్టరుగారు మరీమరీ చెప్పారు.

"రెండు ముద్దలు తినేసి పిలవ్వే" అనేదాన్ని.

"తిన్నదాని గొంతులో ఆకలి పలకదమ్మా" అనేది.

ఆ రోజు ఇంజెక్షను చేసుకుంది, పిలిచింది. మైలవరం వైపునించి నడిచొస్తున్న భవానీలు, దుర్గమ్మ మాల వేసుకున్నవాళ్ళు, వచ్చారు, ఎర్రబట్టలు, బొబ్బలెక్కిన కాళ్ళు. ఉన్నదంతా వాళ్ళకి పెట్టేసి, తనకోసం మళ్ళీ ఎసరు పెట్టుకుంది. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నా. ఆ చప్పుడులో నాకేం వినపడలా. లోపలికెళ్ళేసరికి ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయుంది. పిల్ల నేలమీద ఉంది. నోట్లో పంచదార పోశాను. మింగలా.

మూలమంచం మామ్మగారికి మతిమరుపు. రోజూ ఆఖరి ముద్ద చేతిలో పట్టుకుని నన్నడుగుతుంది, "మీ అమ్మాయి తిన్నదా?" అని. "తిన్నదండీ" అంటే అప్పుడు నోట్లో పెట్టుకుంటుంది. ఒకనాడు ఆ మాట చెప్పకుండా గిన్నెలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ ముద్ద ఎండిపోయేదాకా ఆవిడ అలాగే పట్టుకుని కూర్చుంది. అప్పట్నించీ తప్పకుండా చెబుతున్నాను.

ఇప్పుడు వడ్డన నాది, పిలుపూ నాదే. ముందు తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు గుమ్మంలోకెళ్ళి పిలుస్తున్నాను. ఆచారం తప్పిందని ఒకరిద్దరు పెద్దలన్నారు. అననీండి. గొంతులో ఆకలి పలుకుతుందో లేదో గాని, జనం వస్తూనే ఉన్నారు.

మామ్మగారు ముద్ద పట్టుకుని నావైపే చూస్తోంది. వెళ్ళి చెప్పాలి. మీరు కూడా లేవండి. వేళ దాటకముందే కడుపునిండా తినండి.