చిన్నాయిన పంజరంల కౌజు

ఇయ్యాల ప్రజ్ఞాపూర్ల మా ఫ్లాట్ బాల్కనీకి పావురాలు రాకుండ వల కట్టించిన. కట్టెటాయన వలను గట్టిగ గుంజంగనే నాకు చిన్నాయిన పంజరం యాదికొచ్చింది.

కొండపాక దిక్కు పెరిగినోళ్లారా, మీకు యాదికుందా? పుల్లల పంజరం, దాని మీద పాత చీర గుడ్డ, లోపల సాదిన కౌజు పిట్ట. చిన్నాయిన దాన్ని తుప్పలల్ల పెట్టి చుట్టూ ఉచ్చులు పన్నేటోడు. గుడ్డ తియ్యంగనే అది గొంతు చించుకొని కూసేది. బయటి కౌజు ఉరికొచ్చి ఉచ్చుల పడేది.

"గిది తనోళ్లనే ఎందుకు పట్టిస్తది చిన్నాయినా?" అని అడిగిన.

"పట్టిస్తలేదే పిల్లా. 'ఈ జాగ నాది' అని కూస్తది. బయటిదేమో 'కాదు, నాది' అని కొట్లాటకొస్తది. గంతే."

పంజరంల ఉండి జాగ నాదంటదా అని నవ్విన. ఉచ్చుల పడ్డ కౌజు కూర మాత్రం వేళ్లు నాక్కుంట తిన్న, అబద్ధమెందుకు.

ఒకనాడు ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు పంజరం తలుపు తీసిన. కౌజు బయటికొచ్చింది, వాకిట్ల నాలుగడుగులేసింది, మల్ల లోపలికే పోయింది. నాకెంత కోపమొచ్చిందో! పంజరాన్ని కాలుతోని తన్నిన.

మా బిల్డింగ్ ఎన్క ఇప్పుడు కొన్ని తుప్పలే మిగిలినయి, చుట్టూ ప్లాట్ల హద్దు రాళ్లు. వల కట్టినాయన పోయినంక ఆ తుప్పలల్లకెళ్లి ఒక కౌజు కూసింది. వలల వేళ్లు పెట్టి శానసేపు నిలబడ్డ. అది కూస్తనే ఉంది.

'కాదు, నాది' అని కొట్లాటకు ఇంకో కౌజు రాలే.