కిందికి దిగని చూపు

వేలూరు ఆస్పత్రి నరాల వార్డులో ఉదయం ఆరున్నరకు రిపోర్టు చేశాను. మే నెల. ఎండ అప్పటికే డ్యూటీ ఎక్కింది. వెంట తెచ్చిన సామాను: చాప, ఫ్లాస్కు, టిఫిను డబ్బా, మా అన్న. ఆర్మీ సిగ్నల్స్‌లో కొండల మీద తెగిన టెలిఫోను తీగలు కలిపి రిటైరైనవాణ్ణి. ఈ పోస్టింగు మాత్రం వదిన వేసింది. ఆర్డరు చిన్నదే: అన్నను మళ్ళీ పని చేసుకునే మనిషిగా మా ఊరు గుడియాత్తం తీసుకురావాలి.

అన్న మేస్త్రి. మా ఇంట్లో అందరిదీ గోడలు కట్టే పనే. ఆ కష్టం పడలేక నేను సైన్యంలోకి పారిపోయాను. కొంతకాలంగా అన్న కట్టే గోడలు అడుగు వరసల్లో పక్కకు పోతున్నాయి. గోడ నిలువు చూసుకోవడానికి దారంతో వేలాడదీసే గుండుదే తప్పని కొత్త గుండు కొన్నాడు. తర్వాత కళ్ళద్దాలు మార్చాడు. ఆ తర్వాత గోడ పక్కన నిలబడను కట్టిన సారవ కర్రల మీది నుంచి వెనక్కి పడ్డాడు. తాగి పడ్డాడని వీధి తీర్పు చెప్పింది. అన్న టీ కూడా సగమే తాగుతాడు.

డాక్టరమ్మది చిత్తూరు వైపు.

“తల కదపకుండా నా వేలు చూడప్పా మేస్త్రీ.”

వేలు పైకి పోయింది. చూపు కాస్త వెంట పోయింది. వేలు కిందికి దిగింది. చూపు దిగలేదు.

“కిందికి సూడన్నా.”

“సూస్తానే ఉండా కదరా!”

ఈసారి డాక్టరమ్మ, తన ముక్కునే చూస్తూ ఉండమని అన్నకు చెప్పి, ఆయన తలను రెండు చేతులా పట్టి మెల్లగా వెనక్కి వంచింది. కనుగుడ్లు వాటంతటవే కిందికి జారాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

“దిగినాయి కదమ్మా!”

“కళ్ళు బాగానే ఉండాయి సార్. వాటిని తిప్పే నరాలూ బాగుండాయి. కిందికి చూడమని పైనుంచి వచ్చే ఆర్డరే వాటికి అందడంలేదు.”

ఇది నా డిపార్టుమెంటే. “తీగ యాడ తెగిందో చెప్పండమ్మా.”

ఆమె తన తల వెనక, మెడకు కాస్త పైన చూపించింది. “ఈడ, మెదడు లోతులో. కణాలు చచ్చిపోతా ఉండాయి. కలిపే దారి లేదు సార్.”

ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అంది. చూపుతో ఆగదట. నడక, మాట, మింగడం కూడా పోతాయట. సైన్యంలో మేము వెనక్కి తగ్గినప్పుడు కూడా ఇంత పద్ధతిగా తగ్గలేదు.

పక్క మంచం దగ్గర లత్తేరి ఊరి ఆటో డ్రైవరు, వాళ్ళ నాయనకు తోడుగా ఉన్నాడు.

“ఏమన్నారప్పా?”

“మా అన్న ఇంక తలెత్తుకునే బతకాలంట.”

“దానికి ఏడస్తారా ఎవురన్నా?”

సాయంత్రం బస్సులో గుడియాత్తం చేరాం. వదిన గుమ్మంలో నిలబడి నా ముఖం చూసింది. అన్న చెప్పులైనా విప్పకుండా, తన ఇంటి ముందు సగంలో ఆపిన గోడ దగ్గరకు నడిచాడు. జేబులోంచి కొత్త గుండు తీసి దారం వదిలాడు. మనిషి వెనక్కి తూలుతున్నాడు. వీపుకు నా చెయ్యి ఆనించాను.

“నిలిచిందా?”

“ఇంకా ఊగతా ఉండాదన్నా.”

“నిలిచినాక చెప్పు.”

రెప్ప కొట్టకుండా ఎదురుగా ఇటుకలనే చూస్తూ నిలబడ్డాడు. కింద, ఆయన చూపు దిగని చోట, ఆయన తూలినప్పుడల్లా గుండు ఊగుతోంది.

నేనింకా చెప్పలేదు.